నీడకే రంగు

నీటి రంగుల్లో తెల్లరంగుతో పెద్దగా పని ఉండదు. కాగితమే తెలుపు. ఎండ పడిన గోడ బొమ్మలో మెరవాలంటే ఆ గోడను అలాగే వదిలేసి, దాని పక్కనున్న నీడకు రంగు వేయాలి. ఈ సూత్రం పుస్తకంలో చదివితే వెంటనే అర్థమైపోతుంది. చేతికి రావాలంటే మాత్రం ఆరుబయట, ఒక పాత కట్టడానికి ఎదురుగా, చెట్టు కింద చాలాసేపు కూర్చోవాలి.

హైదరాబాద్‌లో అలా కూర్చోవడానికి కుతుబ్‌షాహీ సమాధులను మించిన చోటు నాకు కనబడలేదు. గోల్కొండ కోటకు దగ్గర్లో, ఇబ్రహీంబాగ్‌లో ఉన్న ఈ ప్రాంగణాన్ని నగరంలో చాలామంది సెవెన్ టూంబ్స్ అంటారు. 1518 నుంచి 1687 దాకా ఏలిన సుల్తానుల్లో చివరివాడు తప్ప మిగతావారు, వాళ్ల కుటుంబాల వారు, కొలువులోని పెద్దలు ఇక్కడ విశ్రమిస్తున్నారు. తోటా కట్టడమూ ఒకే చూపులో దొరకడం ఈ చోటు గొప్పతనం. వెనకనున్న చెట్ల ముదురాకుపచ్చ వల్లనే గచ్చు గుమ్మటం తెల్లగా కనిపిస్తుంది. గుమ్మటం తెలుపు వల్లనే ఆ పచ్చదనానికి అంత లోతు వస్తుంది. తోటను, కట్టడాన్ని విడివిడిగా కాకుండా కలిపి గీయడం నేర్చుకోవాలని నేననేది అందుకే.

సరంజామా కొంచెం చాలు. చిన్న రంగుల డబ్బా, లావుది ఒకటీ సన్నది ఒకటీ రెండు కుంచెలు, నీళ్ల సీసా, పాత నూలు గుడ్డ, పెన్సిల్, అట్టకు బిగించిన కాగితం. కాగితం విషయంలో మాత్రం పొదుపు పనికిరాదు. చదరపు మీటరుకు 300 గ్రాముల (జీఎస్‌ఎం) కాగితమైతే నీళ్లు పడినా అంతగా ఉబ్బి ముడతలు పడదు. రంగులను ఇలా సంచిలో వేసుకుని తిరగగలగడం పంతొమ్మిదో శతాబ్దం ఇచ్చిన వరం. తుమ్మ జిగురుతో కలిపిన రంగుల్ని తడి ఆరిపోకుండా బిళ్లలుగా అమ్మడం 1830లలో మొదలైంది. 1841లో జాన్ గాఫ్ రాండ్ అనే చిత్రకారుడు లోహపు గొట్టానికి పేటెంట్ పొందాక గొట్టాల్లో రంగులూ వచ్చాయి. చిత్రకారుడు గది దాటి తోటల్లోకి, వీధుల్లోకి రావడం అప్పటినుంచి తేలికైంది.

కూర్చోగానే మొదట చూసుకోవాల్సింది కంటి ఎత్తు గీత. నేల మీద కూర్చుంటే అది కట్టడం అడుగునే ఉంటుంది, లేచి నిలబడితే పైకి జరుగుతుంది. ఆ గీతకు పైనున్న పిట్టగోడలు, చూరులు దూరం వెళ్లేకొద్దీ దాని వైపు దిగుతాయి. కిందనున్న అరుగులు, మెట్లు దాని వైపు ఎక్కుతాయి. ఇది పట్టుబడితే ఎంత పెద్ద కట్టడమైనా కాగితం మీద నిలబడుతుంది. గుమ్మటం మొదలయ్యే చోట తామర రేకుల వరస ఉంటుంది. అది మన కంటికి చాలా పైన ఉన్న వలయం కాబట్టి విల్లులా పైకి వంగి కనిపిస్తుంది. నడుమనున్న రేకులు వెడల్పుగా, అంచుల వైపు వెళ్లేకొద్దీ సన్నగా ఉంటాయి. అన్ని రేకులనూ ఒకే కొలతతో గీస్తే గుమ్మటం గుండ్రదనం పోయి పళ్లెంలా చదునైపోతుంది. 1550లో చనిపోయిన జంషీద్ కులీ సమాధి ఎనిమిది మూలలది. ఒకచోట కూర్చుని చూస్తే మూడో నాలుగో ముఖాలే కనిపిస్తాయి, వాటి వెడల్పులు కూడా ఒకలా ఉండవు. పాఠం మొదలుపెట్టడానికి దానికన్నా మంచి కట్టడం లేదు. హైదరాబాద్ నగరాన్ని కట్టించిన మహమ్మద్ కులీ సమాధి దాదాపు 42 మీటర్ల ఎత్తు. దాని అరుగు మీద నడిచి వెళ్తున్న ఒక మనిషిని కుంచె కొసతో చిన్నగా వేస్తే చాలు, ఆ ఎత్తంతా చూసేవాళ్లకు తెలిసిపోతుంది.

తర్వాత పాఠం చెప్పేవాడు సూర్యుడు. గంటకు పదిహేను డిగ్రీలు జరిగిపోతాడు. బొమ్మ మొదలుపెట్టినప్పుడు కమాను లోపల ఉన్న నీడ, బొమ్మ సగమయ్యేసరికి గోడ మీదికి వచ్చేస్తుంది. అందుకే కూర్చున్న కాసేపట్లోనే నీడల అంచులన్నీ పెన్సిల్‌తో గుర్తు పెట్టేసుకోవాలి. ఆపైన నీడ ఎటు జరిగినా దాని వెంట పడకూడదు. ఒక బొమ్మలో ఒకే పొద్దు ఉండాలి. ఋతువు కూడా చేతిని శాసిస్తుంది. ఏప్రిల్ ఎండలో ఆకాశం వేస్తుంటే, కుంచె కుడి వైపు చేరేలోగా ఎడమ వైపు ఆరిపోయి చారలు కడుతుంది. అప్పుడు అట్టను కాస్త ఏటవాలుగా పట్టుకుని, కింది అంచున రంగునీటి ధార తెగకుండా దించుకుంటూ రావాలి. శ్రావణంలో ఇందుకు వ్యతిరేకం, వేసిన రంగు ఎంతసేపటికీ ఆరదు. కార్తీకం నుంచి మాఘం దాకా ఉదయపు వేళలు ఈ పనికి అన్నిటికన్నా మేలు. ఎండ ఏటవాలుగా పడుతుంది, నీడలు పొడుగ్గా ఉంటాయి, ఒంటికీ హాయిగా ఉంటుంది.

ఇక ఒక్క కమాను దగ్గర ఆగుదాం. దూరం నుంచి దాని లోపలంతా నలుపే అనిపిస్తుంది. కళ్లు కాస్త చిట్లించి చూస్తూ ఉంటే ఆ నలుపు విడిపోతుంది. కింద ఎండ పడిన నేల నుంచి వెలుగు పైకి తన్ని, కమాను లోపలి వంపును పసుపు, నారింజ కలిసిన వెచ్చని రంగులో ముంచుతుంది. ఆకాశాన్ని చూస్తున్న నీడల్లో నీలం ఉంటుంది. బాగా చీకటి ఉండేది లోపలి మూలలో, అదీ కొంచెమే. అల్ట్రామెరైన్ నీలం, బర్న్ట్ సియెన్నా కలిపితే ఈ నీడలన్నీ దొరుకుతాయి. నీలం పాలు పెంచితే చల్లదనం, సియెన్నా పాలు పెంచితే వెచ్చదనం. అల్ట్రామెరైన్‌కు ఇంకో గుణం ఉంది. గరుకు కాగితం గుంటల్లో దాని రేణువులు దిగి కూర్చుంటాయి. ఆ నలకలే ఆరిన తర్వాత పాత గచ్చు మీది గరుకుదనంలా కనిపిస్తాయి. నల్లరంగు వేస్తే ఇదంతా మూసుకుపోతుంది. జాన్ సింగర్ సార్జెంట్ ఇటలీలోని బోబొలి తోటలో, స్పెయిన్‌లోని హెనెరలీఫేలో వేసిన నీటి రంగుల బొమ్మలు చూసినవారికి ఇది కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. పాలరాతి విగ్రహం మీద ఆయన వేసింది ఎక్కువగా నీడలే, మెరుపంతా కాగితానిది. అలాంటివి 83 బొమ్మలను 1909లో బ్రూక్లిన్ మ్యూజియం ఒకేసారి కొనుక్కుంది.

చెట్ల విషయానికొస్తే, గొట్టంలోంచి తీసిన ఆకుపచ్చను అలాగే వేస్తే తోట ప్లాస్టిక్‌లా ఉంటుంది. పసుపులో నీలం కలిపి, కాస్త సియెన్నాతో దాని పచ్చిదనం తగ్గించుకోవాలి. వేప పచ్చ వేరు, మామిడి పచ్చ వేరు. ఆకులు ఒక్కొక్కటీ గీయనక్కర్లేదు. చెట్టును ముందు ఒకే ముద్దగా చూసి, ఎండ పడిన వైపు, నీడ వైపు విడదీస్తే సగం పని అయినట్టే. ఒకసారి ఫిబ్రవరి చివర్లో అలా వేస్తుంటే, అక్కడ చెట్లకు నీళ్లు పెట్టే ఆవిడ వచ్చి కాసేపు నిలబడి చూసింది. “ఆ మామిడి చిగురు గూడ ఎయ్యిండ్రి సార్. ఇప్పుడే గిట్ల ఎర్రగుంటది, పది దినాలైతే పచ్చగైతది” అంది. ముదురాకుల కొసన రాగిరంగు చిగురు. ఆ రాగి గోడ మీది వెచ్చదనానికి జవాబు చెబుతోంది. తోటను రోజూ చూసే కంటికి రంగుల పాఠం ఎవరూ చెప్పనక్కర్లేదనిపించింది.

ఫొటో ఉండగా ఇంత శ్రమ ఎందుకని అడుగుతారు. ఫొటో చూసినదాన్ని పట్టుకుంటుంది, చేత్తో గీయడం చూడటాన్ని నేర్పుతుంది. అమరావతి స్తూపం రాళ్లను ఊడదీసి ఇతర కట్టడాలకు వాడుకుంటున్న కాలంలో, 1816లో సర్వేయర్ కాలిన్ మెకంజీ తన బృందంతో అక్కడికి వచ్చి ఆ శిల్పాలను బొమ్మలుగా గీయించారు. ఆ బొమ్మలు ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. కొన్ని శిల్పాలు ఆ కాగితాల మీద తప్ప ఇంకెక్కడా మిగల్లేదు. గీసినవాళ్లు అన్నిరోజులు ఒక్కో రాయి ముందు కూర్చోబట్టే ఆ మాత్రమైనా మనకు దక్కింది. గీయడం నేర్పిన చూపు మనుషుల్లోని ప్రతిభనూ పట్టుకుంటుంది. రాజమండ్రిలో ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్‌గా పనిచేసిన ఆస్వాల్డ్ కూల్డ్రే స్వయంగా నీటి రంగుల చిత్రకారుడు. దామెర్ల రామారావులోని ప్రతిభను గుర్తించి, బొంబాయి జె.జె. స్కూల్లో చదువుకునేందుకు తోడ్పడ్డారు. 28 ఏళ్లు నిండకుండానే 1925లో వెళ్లిపోయిన రామారావు బొమ్మలను రాజమండ్రిలో ఆయన పేరిట ఉన్న గ్యాలరీలో ఇప్పటికీ చూడవచ్చు.

గీసే కన్ను కట్టడానికి కాపలా కూడా కాస్తుంది. పాత గచ్చు గోడకు సిమెంటు పూస్తే, దారిన పోయేవారికి తేడా తెలియకపోవచ్చు. రంగు కలుపుకుని కూర్చున్నవారికి వెంటనే తెలుస్తుంది. సున్నం ఎండను లోపలికి తీసుకుని మెత్తగా మెరుస్తుంది, సిమెంటు బూడిదరంగులో మొద్దుగా ఉండిపోతుంది. కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర 2013లో మొదలైన పునరుద్ధరణలో సిమెంటును తొలగించి మళ్లీ సున్నంతోనే పని చేశారు. గుమ్మటాలకు వెలుగు తిరిగొచ్చిందంటే అందువల్లే. ఇలాంటి తేడాలు పట్టే కళ్లు ఊరికి పదిమందివి ఉన్నా, ఎన్నో కట్టడాలు పాడుకాకుండా మిగులుతాయి.

మీ ఊళ్లో గుమ్మటాలు ఉండకపోవచ్చు. పాత గుడి మండపమో, మెట్లబావో, జమీందారు కట్టించిన గేటో, వందేళ్ల బడి వరండానో ఉంటుంది. దాని పక్కన ఒక చెట్టూ ఉంటుంది. వచ్చే చలికాలం ఒక ఆదివారం ఉదయం పిల్లల్ని వెంటబెట్టుకుని రంగుల డబ్బాతో అక్కడికి వెళ్లండి. బొమ్మ బాగా రావాలన్న పట్టుదల పెట్టుకోకండి. ఎండ ఎక్కడ పడుతోందో చూసి ఆ మేరకు కాగితం వదిలేయమనండి, నీడకు మాత్రం రంగు వేయమనండి. ఆ పని ఒక్కసారి చేసిన పిల్లలు ఆ గోడను ఇంకెప్పుడూ చూడకుండా దాటిపోరు.