లేశమే కదా!

కంప్యూటరు లెక్క తప్పదని మనలో ననేకులు నమ్ముచుందురు. ప్రోగ్రాములు వ్రాయు పనియందు నాకు చిరకాల పరిచయము గలదు. ఆ యంత్రము వేగమును నేను మెచ్చుకొందును. కాని దాని మాటను పరీక్షింపక నమ్మను. కారణము వినుడు.

0.1, 0.2 కూడిన 0.3 అగునని చిన్న తరగతి బాలుడు సైతము చెప్పును. ఆ మొత్తము 0.3కు సమానమా యని కంప్యూటరు నడిగితిని. కాదని బదులు వచ్చినది. మొత్తమును చూపుమనగా 0.30000000000000004 అని చూపినది!

యంత్రమునకు మతి పోయెనా? లేదు. మనము పది అంకెలతో లెక్కింతుము. అది 0, 1 అను రెండంకెలతోనే లెక్కించును. మూడింట నొక వంతును దశాంశములలో వ్రాయబూనిన 0.333... అని అంతులేక సాగును గదా! అట్లే పదింట నొక వంతు ద్విసంఖ్యామానమున నెన్నటికిని ముగియదు. తనకున్న చోటు నిండగానే యంత్రము దానిని సవరించి ఆపివేయును. 0.1ని మరల మరల కూడుచు, మొత్తము 1 అయినపుడు ఆగుమని ఆజ్ఞాపించితిమా, అది ఆగదు. పదవ కూడికకు దానికి లభించునది 0.9999999999999999, పదునొకండవ కూడికతో ఒకటిని దాటి, అట్లే సాగిపోవుచుండును.

లేశమే కదా యందురా? 1991 ఫిబ్రవరి 25న, గల్ఫు యుద్ధకాలమున, సౌదీ అరేబియాలోని ధహ్రాన్‌లో పేట్రియట్ అను రక్షణవ్యవస్థ ఇరాకు ప్రయోగించిన స్కడ్ క్షిపణిని అడ్డగింపలేకపోయెను. దాని గడియారము కాలమును సెకనులో పదవ వంతులుగా లెక్కించెడిది. ఆ పదవ వంతును 24 బిట్లలో నిముడ్చుటచే కొంత తెగిపోయెను. వ్యవస్థ 100 గంటలు ఎడతెగక నడచుసరికి లోపము పెరిగి సుమారు 0.34 సెకను అయ్యెను. అంతలో స్కడ్ అర కిలోమీటరునకు పైగా పరువిడును. యంత్రము దానిని లేనిచోట వెదకెను. క్షిపణి వసతిగృహముపై బడి 28 మంది అమెరికా సైనికులు మరణించిరి. సవరించిన ప్రోగ్రాము మరునాడు చేరెను.

కావున దశాంశసంఖ్యలను పోల్చునపుడు "ఇవి సమానములా?" అని యడుగరాదు, "వీని భేదము సహింపదగిన హద్దులో నున్నదా?" అని యడుగవలెను. ఆ హద్దును పనిని బట్టి మనమే నిర్ణయింపవలెను. ధనమును రూపాయల దశాంశములుగా గాక, పూర్ణసంఖ్యలైన పైసలుగా లెక్కించుట మేలు. అవును, కాదు అని చెప్పుట యంత్రము పని. తగిన ప్రశ్న నడుగుట మన పని.