సంతకం డాక్టరుది, చేతులు మా మామవి

మా మేనమామ ఒక ప్రభుత్వాసుపత్రి పోస్టుమార్టం గదిలో ముప్పై ఏళ్లు పనిచేశాడు. కాగితాల్లో స్వీపరు. శవాన్ని కోసేది ఆయన, పుర్రె తెరిచేది ఆయన, మళ్లీ కుట్టేది ఆయన. డాక్టరు గుమ్మం దగ్గర ముక్కుకి గుడ్డ అడ్డం పెట్టుకుని అడిగేవాడు. మామ చెప్పేవాడు. ఆయన రాసుకునేవాడు. విషం అనుమానం ఉంటే కాలేయం, మూత్రపిండం ముక్కల్ని ఉప్పునీళ్ల సీసాల్లో వేసి, లక్క సీలేసి ల్యాబుకి పంపాలి. ఆ ఉప్పు కలిపిందీ మామే. కోర్టు ఒక్కసారి కూడా ఆయన్ని పిలవలేదు. పెళ్లిళ్లలో ఆయన పక్కన కూర్చుని తినడానికి మా పేటవాళ్లే వెనకాడేవాళ్లు. అదీ చెప్పుకోవాలి.

మొన్న క్లాసులో ఒకమ్మాయి అడిగింది. "సార్, సాక్షి భయపడి మాట మారుస్తాడు. డీఎన్ఏ మార్చదు కదా. సైన్సుకి కులం లేదు కదా?"

లేదమ్మా. కానీ సాక్ష్యం ల్యాబుకి వెళ్లే దారి మన ఊళ్లోంచి, మన పోలీస్ స్టేషన్‌లోంచే పోవాలి. అక్కడ కులం ఉంది.

హత్రాస్ గుర్తు తెచ్చుకోండి. 2020 సెప్టెంబర్ 14న 19 ఏళ్ల వాల్మీకి అమ్మాయి మీద దాడి జరిగింది. లైంగిక దాడి కేసుల్లో నమూనాలు 96 గంటల్లోపు తియ్యాలని కేంద్ర ఆరోగ్య శాఖ మార్గదర్శకాలు చెప్తాయి. అక్కడ తీసింది వారం దాటాక. వాటిలో వీర్యం లేదని రిపోర్టు వచ్చింది. అది పట్టుకుని ఒక పోలీసు ఉన్నతాధికారి అసలు అత్యాచారమే జరగలేదన్నాడు. అత్యాచారం రుజువు కావడానికి వీర్యం దొరికి తీరాలని చట్టంలో ఎక్కడా లేదు. పైగా ఆ పిల్ల చనిపోకముందే వాంగ్మూలం ఇచ్చింది. సెప్టెంబర్ 29న చనిపోతే, తెల్లారకముందే పోలీసులు దహనం చేశారు. ఇంకోసారి పోస్టుమార్టం అడగడానికి శవం కూడా మిగల్లేదు.

సీబీఐ సామూహిక అత్యాచారం, హత్య అని ఛార్జిషీటు వేసింది. 2023 మార్చిలో కోర్టు నలుగురిలో ముగ్గురిని వదిలేసింది. ఒకడికి శిక్ష పడింది, అదీ హత్య కింద కాదు. అత్యాచారం ఎవరి మీదా రుజువు కాలేదు. ఇందులో ల్యాబు అబద్ధం ఆడిందని నేననను. దొరకడానికి ఏమీ లేకుండా పోయాక పంపారు, అంతే.

ఇప్పుడు కొత్త చట్టం గురించి. 2024 జులై 1 నుంచి అమల్లోకొచ్చిన బీఎన్ఎస్ఎస్ 176(3) ప్రకారం ఏడేళ్లు, ఆపైన శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు నేరస్థలానికి వచ్చి ఆధారాలు సేకరించాలి, వీడియో తీయించాలి. ఇది అమలు చేయడానికి రాష్ట్రాలకి ఐదేళ్ల గడువిచ్చారు. మంచిదే. మరి అట్రాసిటీ చట్టం సెక్షన్ 3(1) తీసి చూడండి. గరిష్ఠ శిక్ష ఐదేళ్లు. మనం తాగే నీళ్లలో మలం కలిపినా, తినకూడనిది నోట్లో కుక్కినా, ఒక్క ఆ సెక్షన్ కిందే కేసు కడితే నిపుణుడు రావాలన్న నియమం వర్తించదు. మన మీద రోజూ జరిగే నేరాలే ఆ గీత కింద మిగిలిపోయాయి. ఆ గీత మార్చమని మనం అడగాలి.

అప్పటిదాకా ఎక్కడికి నిజనిర్ధారణకి వెళ్లినా నినాదం కంటే ముందు నోటుపుస్తకం తియ్యండి. నమూనా ఏ తేదీన, ఎన్ని గంటలకి తీశారు? సీలు ఎవరేశారు? ల్యాబుకి ఏ రోజు చేరింది? మధ్యలో ఎక్కడుంది? నేను పీహెచ్‌డీ రోజుల్లో తాళపత్రం చేతికొస్తే ముందు ఇవే అడిగేవాణ్ణి. ఎవరు రాశారు, దేన్ని చూసి రాశారు, ఎన్ని చేతులు మారింది? రిపోర్టుని కూడా అలాగే చదవాలి.

మామ పోయేముందు ఒకసారి అడిగాను, "నువ్వు చెప్పినవన్నీ రాసేవాళ్లా మామా?" అని.

"నాకేం తెలుసురా. నాకు చదువు రాదు కదా" అన్నాడు.

మీకు వచ్చు. చదవండి.

జై భీమ్.