అటక మీద పిల్లికూనలు, అరకు ప్రయాణం

వేసవి సెలవులు వచ్చాయంటే ప్రతి ఇంట్లోనూ రెండు సందళ్లు మొదలవుతాయి. పిల్లలు ఇల్లు పీకి పందిరి వెయ్యడం ఒకటి. "ఈ ఏడైనా ఎక్కడికైనా వెళదామా, లేదా?" అన్న పేచీ రెండోది. వీటికి తోడు ఇంట్లో పిల్లి పిల్లల్ని పెట్టిందనుకోండి, ఇక చెప్పనక్కర్లేదు!

విజయనగరంలో మాకు తెలిసిన టీచరమ్మగారి ఇంట్లో సరిగ్గా ఇదే జరిగింది. ఏప్రిల్ మొదటి వారం. ఆవిడ పరీక్ష పేపర్లు ముందేసుకుని ఎర్ర పెన్నుతో దిద్దుకుంటూ ఉంటే అటక మీంచి సన్నగా ఏడుపులు వినిపించాయి. ఎక్కి చూస్తే పాత ప్రశ్నపత్రాల కట్టల మధ్య మూడు కూనలు, ఇంకా కళ్లు తెరవనివి. తల్లి పెంపుడు పిల్లేమీ కాదు. పెరటి గోడల మీద తిరిగే ఊరపిల్లి.

ఆ రోజునుంచి టీచరమ్మగారి దినచర్య మారిపోయింది. పొద్దున్నే వంట, బడి, సాయంత్రం పేపర్లు, మధ్యమధ్య నిచ్చెనెక్కి కూనల్ని చూసి రావడం. రెండో తరగతి చదివే అబ్బాయి తన గ్లాసులో పాలు దాచి కూనలకు పొయ్యబోయాడు. ఆవిడ వద్దన్నారు. మంచి పని చేశారు. ఆవుపాలు, గేదెపాలు పిల్లికూనలకు సరిపడవు, విరేచనాలు పట్టుకుంటాయి. తల్లి దగ్గరుంటే తల్లిపాలే చాలు. తల్లికి ఇంత తిండి పెడితే అదే పదివేలు.

మే 15న అరకు ప్రయాణం పెట్టుకున్నారు. విజయనగరం నుంచి బస్సులో శృంగవరపుకోట వెళ్లి, అక్కడ విశాఖనుంచి వచ్చే కిరండూల్ పాసింజరు ఎక్కారు. బైలదిలా కొండల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి చేర్చడానికి 1960ల్లో వేసిన లైను ఇది. బొడ్డవర దాటగానే బండి కొండెక్కడం మొదలుపెడుతుంది. శివలింగపురం, త్యాడ, చిమిడిపల్లి... ఒక పక్క కొండ, ఒక పక్క లోయ. దారి పొడవునా సొరంగాలు. సొరంగం వచ్చినప్పుడల్లా పెట్టెలోని పిల్లలందరూ ఒక్కసారిగా కేకలు వేస్తారు. మీరు వెళ్లి ఉంటే మీకూ తెలుసు, పెద్దవాళ్లం కూడా అరుస్తాం!

మన అబ్బాయి మాత్రం అంత ఉక్కలోనూ పొడుగుచేతుల చొక్కా విప్పనన్నాడు. ఒక సొరంగం దాటి వెలుతురు పడేసరికి, కిటికీ ఊచ పట్టుకున్న చెయ్యి చొక్కాలోంచి కాస్త బయటికొచ్చింది. మణికట్టు మీద పచ్చగా పసుపు. దాని కింద ఎర్రటి గీత.

"ఏంట్రా అది?"

"నిన్న పిల్లికూన గీరింది. రక్తం వస్తే మామ్మ పసుపు రాసింది. నీకు చెబితే అరకు మానేస్తావని..."

అత్తగారు తలొంచుకున్నారు. "పసికూన గోరు కదమ్మా, ఏం చేస్తుందిలే అనుకున్నాను."

మీ ఇంట్లో పెద్దవాళ్లూ ఈ మాటే అంటారు. అందుకే ఇంత కథ చెబుతున్నాను. రేబిస్ అనగానే మనకు పిచ్చికుక్కే గుర్తొస్తుంది. కానీ ఆ జబ్బు ఉన్న కుక్క పిల్లిని కరిస్తే పిల్లికి వస్తుంది, పిల్లినుంచి మనిషికీ రావచ్చు. పిల్లి ఊరికే పాదాలు నాక్కుంటుంది, కాబట్టి గోళ్లకు చొంగ అంటి ఉంటుంది. కూనకు జబ్బు ఉండే అవకాశం తక్కువే. కానీ జబ్బు లక్షణాలు ఒకసారి బయటపడ్డాక ఆ మనిషిని బతికించడం దాదాపు అసాధ్యం. ముందుగా సూది మందు పడితే మాత్రం ఆ జబ్బు రాకుండా ఆపగలం. ఇలాంటి చోట "ఏం చేస్తుందిలే" అని పందెం కాస్తామా?

టీచరమ్మగారు పిల్లాణ్ణి కొట్టలేదు, అత్తగారిని ఒక్క మాట అనలేదు. బొర్రాగుహల స్టేషన్లో దిగాల్సినవాళ్లు దిగకుండా నేరుగా అరకు వెళ్లారు. వెళ్లగానే కుళాయి కింద చెయ్యి పెట్టించి, సబ్బుతో 15 నిమిషాలు గడియారం చూసి మరీ కడిగారు. గీరిన వెంటనే చెయ్యవలసిన పని ఇది. ఆలస్యమైనా సరే చెయ్యాలి. పసుపు, కారం, సున్నం, కాఫీపొడి ఏవీ పెట్టకూడదు. కట్టు కట్టకూడదు.

తర్వాత అక్కడి ప్రభుత్వాసుపత్రికి వెళ్లారు. రెండు జబ్బలకూ చర్మంలోకి చిన్న సూదులు వేశారు. రక్తం వచ్చిన గాయం కనుక గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ అనే మరో మందు కూడా ఎక్కించారు. ఇది అన్ని ఆసుపత్రుల్లోనూ దొరక్కపోవచ్చు. దొరక్కపోతే మొదటి సూది అక్కడే వేయించుకుని, దీనికోసం అదే రోజు పెద్దాసుపత్రికి వెళ్లండి. ఇక బొడ్డు చుట్టూ 14 ఇంజక్షన్లని భయపడేవాళ్లు ఇంకా ఉన్నారు. ఆ పాత మందు 2005 నాటికే మన దేశంలో ఆగిపోయింది.

డాక్టరు చీటీ మీద నాలుగు తేదీలు రాసిచ్చారు: మే 15, 18, 22, జూన్ 12. అంటే మొదటి రోజు, తర్వాత మూడు, ఏడు, ఇరవై ఎనిమిదో రోజులు. కండకు వేసే పద్ధతి అయితే లెక్క వేరు. మీ డాక్టరు రాసిన తేదీలే పాటించండి.

"అయితే ఇంటికెళ్లిపోవాలా?" అని అబ్బాయి బిక్కమొహం వేశాడు. అక్కర్లేదన్నారు డాక్టరు. సూది పడినంత మాత్రాన ప్రయాణం మానుకోనక్కర్లేదు, పథ్యమూ లేదు. తేదీ తప్పకపోతే చాలు. ఊరు మారినా ఆ చీటీ చూపించి తర్వాతి సూది వేయించుకోవచ్చు. సాయంత్రం గిరిజన మ్యూజియం చూశారు. మర్నాడు తిరుగుదారిలో బొర్రా గుహలు చూశారు. అక్కడ కోతుల గుంపు కనిపిస్తే అబ్బాయే చెల్లెల్ని వెనక్కి లాగాడట, "దగ్గరికెళ్లకు, కరిస్తే మళ్లీ సూదే!" అని. కోతి విషయంలోనూ నిజమే అది.

ఇంటికొచ్చి చూస్తే అటక ఖాళీ! పిల్లి తన పిల్లల్ని ఏడిళ్లు తిప్పుతుందని ఊరికే అన్నారా? గీరిన జంతువును పది రోజులు కనిపెట్టి చూడమంటారు. ఏ గోడ దాటిందో తెలియని పిల్లిని ఎలా కనిపెడతాం? అందుకే, చూశాక సూది కాదు, సూది మొదలుపెట్టాకే చూడటం. డాక్టరు ఆపమంటే తప్ప మధ్యలో మానకూడదు.

22న మూడో సూదికి నా దగ్గరికొచ్చినప్పుడు ఆవిడ అన్న మాట నాకు బాగా నచ్చింది. "గీరుడు కంటే పెద్ద తప్పు నాదేనండీ. అల్లరి చేస్తే ప్రయాణం మానేస్తానని నెల రోజులు బెదిరించాను. వాడు నాకు ఎలా చెబుతాడు?"

ఆలోచించండి. ఈ వేసవిలో మీరు ఎక్కడికి వెళ్లినా సంచీలో ఒక సబ్బు బిళ్ల వేసుకోండి. బయల్దేరే ముందు పిల్లల్ని కూర్చోబెట్టి, "కుక్క గానీ పిల్లి గానీ కోతి గానీ కరిచినా గీరినా వెంటనే చెప్పండి, తిట్టను, ఊరు మాననూ" అని మాటివ్వండి.

జూన్ 12న, బడి తెరిచిన రోజునే, నాలుగో సూదీ అయిపోయింది. ఆ వారమే కూనలు ఎదురింటి కట్టెల కొట్లో దొరికాయి. మూడు నెలలు నిండగానే వాటిని బుట్టలో పెట్టుకుని పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లి టీకా వేయించారు. ఈసారి చీటీలో తేదీలు చదివింది అబ్బాయే.