పెద్ద పిల్లలకు మన దగ్గర పనేముంది?

కర్నూలులో మక్తబ్ పిల్లలకు ఖుర్ఆన్ పఠనం నేర్పుతూ ముప్ఫై ఏళ్ళు గడిచాయి. ఇన్నేళ్ళలో నన్ను అన్నిటికంటే ఎక్కువగా బాధించిన విషయం ఒక్కటే. ఏడేళ్ళ వయసులో పరుగెత్తుకుంటూ వచ్చిన పిల్లలు పన్నెండు, పదమూడేళ్ళు రాగానే ఒక్కొక్కరుగా కనుమరుగవుతారు. ట్యూషన్లనీ, పరీక్షలనీ తల్లిదండ్రులు కారణాలు చెబుతారు. నేనూ ఆ కారణాలనే నమ్ముతూ వచ్చాను. ఆ నమ్మకాన్ని సడలించినవాడు ఒక జపనీస్ కుటుంబపు పిల్లవాడు. అతడిని ఆరేళ్ళప్పుడు, పదేళ్ళప్పుడు, పదిహేనేళ్ళప్పుడు చూశాను. మూడుసార్లూ చూసింది వేసవిలోనే, ఒకే బడిలోనే.

మా అమ్మగారు అమెరికాలోని శాన్ హోసే నగరంలో మా తమ్ముడి దగ్గర ఉంటున్నారు. ఆమెను చూడటానికి 2015లో తొలిసారి వెళ్ళాను. తమ్ముడి పొరుగువారు జపాన్ మూలాలున్న అమెరికన్లు. వారి అబ్బాయి, మా తమ్ముడి కొడుకు ఒకే తరగతి. సెలవుల్లో ఆ అబ్బాయిని ఒక వేసవి బడికి పంపేవారు. మధ్యాహ్నం అతడిని తీసుకురావడానికి వెళుతూ వాళ్ళ తాతగారు నన్ను కూడా కారులో ఎక్కించుకునేవారు. ఆయనకు ఎనభై దాటాయి. పగటి వేళ ఆ వీధిలో తీరికగా ఉన్న మగవాళ్ళం మేమిద్దరమే.

ఆ బడి గురించి కొంత చెప్పాలి. కాలిఫోర్నియాలో జపాన్ సంతతి కుటుంబాలు 1970ల చివరి నుంచి ఇటువంటి వేసవి బడులు నడుపుతున్నాయి. వాటి పేర్లు కూడా పిల్లల ప్రపంచానివే. శాన్ హోసేలో ‘సుజుమె నో గక్కో’ అనే బడి ఉంది; పిచ్చుకల బడి అని అర్థం. శాక్రమెంటోలో ‘జాన్ కెన్ పో గక్కో’ ఉంది. రాయి, కాగితం, కత్తెర అంటూ పిల్లలు చేతులతో ఆడే ఆట పేరది. నేను చూసిన బడి కూడా ఇలాంటిదే. కొద్ది వారాలు సాగుతుంది. జీతాల ఉపాధ్యాయులు తక్కువ. తల్లిదండ్రులే సెలవు పెట్టుకుని వంతుల వారీగా వచ్చి నేర్పుతారు. కాగితం మడిచి బొమ్మలు చేయడం, కుంచెతో అక్షరాలు రాయడం, ‘తైకో’ అనే పెద్ద డోలు వాయించడం, వంట, తమ పూర్వీకుల చరిత్ర, ఇవీ పాఠాలు. వారి ఆలయాలకు సంబంధించిన ఉత్సవాలు వేరు, వాటి సంగతి వేరు. నేను చెబుతున్నది పిల్లల పెంపకం గురించి మాత్రమే.

మొదటిరోజు వెళ్ళేసరికి పిల్లలు అన్నం ముద్దలు చేస్తున్నారు. మా పొరుగింటి అబ్బాయి ముఖం ఏడుపుకు సిద్ధంగా ఉంది. అన్నమంతా అతడి వేళ్ళకే అంటుకుపోయింది. పద్నాలుగేళ్ళ అమ్మాయి ఒకతె వచ్చి పక్కన కూర్చుంది. ఏమీ మాట్లాడలేదు. గిన్నెలోని నీళ్ళతో అతడి అరచేతులు తడిపి, చిటికెడు ఉప్పు రాసి, మళ్ళీ అన్నం పెట్టింది. ఈసారి ముద్ద నిలిచింది. ఆ అమ్మాయి లేచి ఇంకొకరి దగ్గరకు వెళ్ళిపోయింది. అందులో వింతేముందని అనుకున్నాను. తాతగారు నాకూ ఒక ముద్ద ఇచ్చారు. లోపల ఏముందని అడిగి తెలుసుకున్నాకే తిన్నాను. ఉప్పులో ఊరిన పండు ముక్క. మన ఊరగాయ ఉసిరిని గుర్తుచేసే పులుపు.

రెండోసారి 2019లో వెళ్ళాను. అప్పటికి పిల్లలిద్దరికీ పదేళ్ళు. ఒక సాయంత్రం మా తమ్ముడి కొడుకు ముభావంగా ఉన్నాడు. ఎంతో అడిగితే, “బడే అబ్బా, బడిలో ఒకడు నన్ను టెర్రరిస్టు అన్నాడు” అని చెప్పాడు. తర్వాత ఏం జరిగిందని అడిగాను. పొరుగింటి అబ్బాయి అడ్డం నిలబడి, “మా తాతయ్యను కూడా శత్రువు అన్నారు. అప్పుడు ఆయన మనకంటే చిన్నవాడు” అన్నాడట. ఎదుటివాడికి ఏం చెప్పాలో తోచక వెళ్ళిపోయాడట.

పదేళ్ళ పిల్లవాడికి ఆ మాట ఎక్కడిది? మరునాడు కారులో తాతగారిని అడిగాను. నాకు వచ్చిన కొద్దిపాటి ఇంగ్లీషుకు తగినట్టు ఆయన నెమ్మదిగా చెప్పారు.

1941 డిసెంబరులో జపాన్ పెర్ల్ హార్బర్‌పై దాడి చేసింది. 1942 ఫిబ్రవరి 19న అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ 9066 సంఖ్య గల ఉత్తర్వుపై సంతకం చేశారు. పశ్చిమ తీరంలోని జపాన్ సంతతివారందరినీ ఇళ్ళ నుంచి తరలించారు. సుమారు 1,20,000 మంది. వారిలో మూడింట రెండు వంతుల మంది అమెరికాలో పుట్టిన పౌరులే. ఏ నేరం మోపలేదు, ఏ విచారణ జరపలేదు. ప్రతి కుటుంబానికి ఒక సంఖ్య ఇచ్చి, ఆ సంఖ్య రాసిన చీటీని సామాన్లకూ, మనుషుల కోటులకూ కట్టారు. చేతులతో మోయగలిగినంతే తీసుకెళ్ళాలి. తాతగారి వయసు అప్పుడు తొమ్మిదేళ్ళు. ఆయన కుటుంబాన్ని మొదట సాంటా అనీటా గుర్రప్పందేల మైదానంలో ఉంచారు. ఆ తర్వాత వయోమింగ్ రాష్ట్రంలోని హార్ట్ మౌంటెన్ శిబిరానికి పంపారు. ముళ్ళకంచె, కావలి బురుజులు, చెక్క కొట్టాలు, ఎముకలు కొరికే చలి.

“తిరిగి వచ్చాక నేను ముప్ఫై ఏళ్ళు నోరు విప్పలేదు. నా పిల్లలకు మా భాష కూడా నేర్పలేదు. అచ్చమైన అమెరికన్లుగా కనిపిస్తే చాలనుకున్నాను” అన్నారాయన. ఆ తరంలో ఎన్నో కుటుంబాలు అలాగే చేశాయి. సిగ్గుపడవలసిన పని చేసినది ప్రభుత్వం, సిగ్గుతో మౌనం వహించినది బాధితులు. ఆ మౌనంలో పెరిగిన పిల్లలే పెద్దవారై, తమ సంతానమైనా తెలియకుండా పెరగకూడదని ఇటువంటి వేసవి బడులు ప్రారంభించారు. అక్కడ పిల్లలే తాతలను అడిగారు. అడిగిన తర్వాతే తాతలు చెప్పారు.

ఆ వారం బడిలో పిల్లలకు ఒక పని ఇచ్చారు. ఒక్క సంచి చూపించి, ఇల్లు వదిలి వెళ్ళవలసి వస్తే అందులో ఏం పెట్టుకుంటారో రాయమన్నారు. పొరుగింటి అబ్బాయి బొమ్మలు రాసి కొట్టేశాడు, పుస్తకాలు రాసి కొట్టేశాడు. చివరికి ‘తాతయ్య మందులు’ అని రాశాడు. తాతగారు ఆ కాగితాన్ని మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నారు.

శాన్ హోసే విమానాశ్రయానికి నార్మన్ మినెటా పేరు పెట్టారు. ఆయన 1931లో ఆ నగరంలోనే పుట్టారు. పదేళ్ళ వయసులో హార్ట్ మౌంటెన్ శిబిరానికి వెళ్ళిన పిల్లవాడే. రైలెక్కబోతుంటే ఆయన చేతిలోని బేస్‌బాల్ బ్యాటును, అది ఆయుధం కాగలదంటూ సైనికులు లాక్కున్నారు. ఆయన పెద్దయ్యాక పార్లమెంటు సభ్యుడయ్యారు. నాటి అన్యాయానికి ప్రభుత్వం క్షమాపణ చెప్పి, బ్రతికి ఉన్న ప్రతి బాధితుడికీ 20,000 డాలర్లు చెల్లించేలా చేసిన 1988 నాటి చట్టం కోసం కృషి చేసినవారిలో ముఖ్యులు. 2001 సెప్టెంబరులో న్యూయార్క్ దాడులు జరిగినప్పుడు ఆయన అమెరికా రవాణా మంత్రి. ముస్లిములను, అరబ్బులను ముఖం చూసి విమానాల నుంచి దించేయాలన్న ఒత్తిడికి ఆయన లొంగలేదు. తనకు జరిగినదాన్ని మరచిపోని మనిషి మరొకరికి ఎలా అండగా నిలుస్తాడో అక్కడ చూశాను. మా తమ్ముడి కొడుకు ముందు నిలబడిన పదేళ్ళవాడు కూడా ఆ బాటలోనివాడే.

మూడోసారి వెళ్ళింది 2024లో. తాతగారు అప్పటికి లేరు. అబ్బాయికి పదిహేనేళ్ళు. అంత పెద్దవాడు ఇంకా ఆ చిన్నపిల్లల బడికి ఎందుకు వెళ్తున్నాడని వాళ్ళ అమ్మను అడిగాను. “ఆరో తరగతితో చదువు అయిపోయింది. తర్వాత పని మొదలైంది” అన్నారామె. పాఠం నేర్చుకునే వయసు దాటిన పిల్లలు మరుసటి వేసవి నుంచి సహాయకులుగా వస్తారు. బల్లలు సర్దుతారు, డోళ్ళు మోస్తారు, చిన్నవాళ్ళను చేయిపట్టి రోడ్డు దాటిస్తారు.

వెళ్ళి చూశాను. ఆ రోజు కూడా అన్నం ముద్దలే. వేళ్ళకు అన్నం అంటుకుపోయిన ఒక చిన్న పాప పెదవి విరుస్తోంది. అబ్బాయి వెళ్ళి పక్కన కూర్చున్నాడు. పాప అరచేతులు తడిపి, చిటికెడు ఉప్పు రాశాడు. తొమ్మిదేళ్ళ క్రితం తనకు ఆ పని చేసిన అమ్మాయి అతడికి గుర్తుందో లేదో అడగలేదు. నాకు మాత్రం ఆ క్షణంలో వేరొకరు గుర్తొచ్చారు.

1999లో మా మక్తబ్‌లో పదమూడేళ్ళ విద్యార్థి ఒకడుండేవాడు. పఠనంలో అతడికి సాటి ఎవరూ లేరు. ఒకరోజు, “హజ్రత్, చిన్నపిల్లలకు అలిఫ్, బే నేను చెప్పనా?” అని అడిగాడు. “ముందు నీ సబఖ్ చూసుకో” అన్నాను. పిల్లవాడు తప్పు నేర్పుతాడేమోనన్న భయం కొంత, నా చాపపై మరొకరు కూర్చోవడమేమిటన్న అహం కొంత. నెల తిరగకుండానే అతడు రావడం మానేశాడు. ట్యూషన్ అన్నారు ఇంట్లోవాళ్ళు. ఇప్పుడతడికి ఆటో విడిభాగాల దుకాణం ఉంది. ఎదురైతే ఎంతో మర్యాదగా సలాం చేస్తాడు. పిల్లలను మాత్రం పంపడు.

అమెరికా నుంచి తిరిగివచ్చాక అతడి దుకాణానికి వెళ్ళాను. ఆ రోజు ఎందుకు మానేశావని పాతికేళ్ళ తర్వాత అడిగాను. అతడు చాలాసేపు ఒక బేరింగును గుడ్డతో తుడుస్తూ ఉండిపోయాడు. “కోపం కాదు హజ్రత్. అంతా నేర్చేసుకున్నాను. అక్కడ ఇక నాకు పనేమీ లేదనిపించింది” అన్నాడు.

మన ప్రియ ప్రవక్త (సఅసం) పెద్ద సహాబాలు ఉన్న సేనకు నవయువకుడైన ఉసామా బిన్ జైద్ (రజి)ను నాయకుడిగా నియమించారు. అప్పటికి ఆయనకు ఇరవై ఏళ్ళు కూడా నిండలేదని మన పిల్లలకు ఏటా చెబుతాను. చెప్పి, ఆ పిల్లల చేతికి చీపురు కూడా ఇవ్వకుండా ఇంటికి పంపుతాను. విన్నవాడు విని వెళ్ళిపోతాడు. బాధ్యత మోసినవాడు మర్నాడు కూడా రావాలి, ఎందుకంటే వాడికోసం ఒక చిన్నపిల్లవాడు ఎదురుచూస్తూ ఉంటాడు. ఇంతటి చిన్న సంగతి తెలియడానికి నాకు ముప్ఫై ఏళ్ళూ, మూడు ప్రయాణాలూ పట్టాయి.

పోయిన వేసవి దీనీ తరగతుల్లో ఆరుగురు పెద్ద పిల్లలకు తలా నలుగురు చిన్నపిల్లలను అప్పగించాను. ఇద్దరు వారానికే మానేశారు. నలుగురు చివరిదాకా నిలిచారు. ఒక అబ్బాయి ‘ఐన్’ అక్షరాన్ని సరిగా పలికించకపోతే నా నాలుక దురద పెట్టింది. అయినా పిల్లల ముందు దిద్దలేదు. అందరూ వెళ్ళాక పక్కకు పిలిచి చెప్పాను. మరునాడు అతడే తన నలుగురికీ మళ్ళీ నేర్పుకున్నాడు.

తల్లిదండ్రులారా, మీ పదమూడేళ్ళవాడు మక్తబ్‌కు వెళ్ళనంటే తిట్టే ముందు అక్కడ వాడికేం పని ఉందో ఉస్తాదును అడగండి. లేదంటే ఇంట్లోనైనా చెల్లెలి సబఖ్ వినే పని వాడికి అప్పగించండి. తాతల కష్టసుఖాలు వాడిచేత అడిగించండి. అడిగేవారు లేకపోతే తాతలు చెప్పరు.

దుకాణదారుడిని కూడా ఒక కోరిక కోరాను: ఆదివారం ఒక గంట వచ్చి చిన్నవాళ్ళ పఠనం వినమని. వెంటనే ఒప్పుకోలేదు. “మరచిపోయి ఉంటాను హజ్రత్” అన్నాడు. మరచినంత మేర నేను చెబుతానన్నాను. పోయిన ఆదివారం దుకాణం షట్టరు సగం దించి వచ్చాడు. నా చాపలో సగం ఖాళీ చేశాను. అతడి వెనుక అతడి ఎనిమిదేళ్ళ కొడుకు టోపీ సర్దుకుంటూ నిలబడి ఉన్నాడు.

మన పిల్లలను మన దగ్గర నిలుపుకునే వివేకాన్ని అల్లాహ్ మనకు ప్రసాదించుగాక. ఆమీన్.