జాతరకు పోతుండగా ఆగిపోయిన బ్యాండు

పోయిన సంవత్సరం బోధన్‌లో మా చెల్లి పెళ్ళి. బరాత్ బాధ్యత నా నెత్తిన పడింది. హైదరాబాదులో ఆఫీసు కాల్ మ్యూట్‌లో పెట్టి, ఇంకో ఫోన్లో డీజేని మాట్లాడేశాను. పది నిమిషాల్లో పనైపోయింది. నేనెంత ఫాస్టో కదా అని మురిసిపోయాను కూడా :)

బరాత్ రాత్రి, స్పీకర్ల బండి వెనక, జనానికి కాస్త దూరంగా మా వీధి కాక నిలబడి ఉన్నాడు. అప్పుడు గుర్తొచ్చింది. ముప్ఫై ఏళ్ళకు పైగా మా చుట్టుపక్కల పెళ్ళిళ్ళలో ట్రంపెట్ ఊదిన మనిషి. మా అమ్మానాన్నల పెళ్ళికి ఊదింది కూడా ఆయనే. ఆయన్ని నేను అతిథిగా పిలిచాను. అక్షింతలు వేశాడు, నూటపదహార్లు చదివించాడు, భోజనం చేసి వెళ్ళిపోయాడు. ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది.

మా వైపు సంగతి తెలియనివాళ్ళకు రెండు ముక్కలు. నిజాంసాగర్ నీళ్ళొచ్చాక మా దగ్గర చెరకు పెరిగింది, 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. చెరకు పైసలు చేతికొస్తే పెళ్ళిళ్ళు, పెళ్ళిళ్ళుంటే బ్యాండు. 2002లో ఫ్యాక్టరీ ప్రైవేటు భాగస్వామ్యంలోకి పోయింది, 2015 చివర్లో మూతపడింది. చెరకున్న చాలా పొలాల్లో ఇప్పుడు వరి కనిపిస్తుంది. ఇంతలో డీజేలు వచ్చాయి. కాక వాళ్ళ బ్యాండు ఏ రోజు ఆగిపోయిందో ఎవరూ చెప్పలేరు, ఎందుకంటే ఎవరూ ఆపలేదు. పిలవడం మానేశాం, అంతే.

సరే, అసలు విషయానికొస్తాను. పెళ్ళయ్యాక ఆ గిల్టీ ఫీలింగుతోనే ఓ రాత్రి యూట్యూబులో ట్రంపెట్ అని వెతుకుతుంటే 'చేజ్' అనే అమెరికన్ బ్యాండు తగిలింది. బిల్ చేజ్ అనే ఆయన మేనార్డ్ ఫెర్గూసన్, స్టాన్ కెంటన్, వుడీ హెర్మన్‌ల జాజ్ బృందాల్లో ఊది పేరు తెచ్చుకున్నవాడు. 1970లో సొంత రాక్ బ్యాండు పెట్టాడు. అప్పటికే షికాగో, బ్లడ్ స్వెట్ అండ్ టియర్స్ లాంటి బ్యాండ్లు రాక్‌లో బాకాలు వాడుతున్నాయి. కానీ వాళ్ళ దగ్గర ట్రంపెట్‌తో పాటు ట్రాంబోన్, శాక్సఫోన్ కలిసి ఉండేవి. ఈయన మాత్రం నాలుగూ ట్రంపెట్లే పెట్టుకున్నాడు. ఆ నాలుగు ట్రంపెట్లు ఒకదాని వెనక ఒకటి అదే స్వరాన్ని అందుకుంటూ మెట్ల మీద నీళ్ళు జారినట్టు దిగివస్తుంటే... హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మొదటి ఆల్బంలో 'ఓపెన్ అప్ వైడ్' వినండి, నేను చెప్పేకన్నా అది నయం.

1971లో వచ్చిన ఆ ఆల్బంలోని 'గెట్ ఇట్ ఆన్' బిల్‌బోర్డ్ హాట్ 100లో 24వ స్థానం దాకా వెళ్ళింది. కొత్త కళాకారుల గ్రామీకి నామినేషన్ వచ్చింది, అవార్డు మాత్రం కార్లీ సైమన్‌కి పోయింది. 1972లో రెండో ఆల్బం 'ఎన్నియా'. గ్రీకులో తొమ్మిది అని అర్థం, బ్యాండులో తొమ్మిదిమంది కాబట్టి. దానికి మొదటిదానికొచ్చినంత ఆదరణ రాలేదు. మనుషులు మారారు. 1974లో మూడోది, 'ప్యూర్ మ్యూజిక్'. అదే ఏడాది ఆగస్టు 9న మిన్నెసోటాలో జాక్సన్ అనే చిన్న ఊరికి ప్రోగ్రాం ఇవ్వడానికి పోతుండగా విమానం కూలింది. బిల్ చేజ్, కీబోర్డు వాలీ యోన్, గిటార్ జాన్ ఎమ్మా, డ్రమ్స్ వాల్టర్ క్లార్క్ పోయారు. చేజ్ వయసు 39. నిక్సన్ పదవి దిగిపోయిన రోజు కూడా అదే.

నాకు అక్కడ ఒక విషయం తట్టింది. మిగతా ట్రంపెట్ వాళ్ళు ఆ విమానంలో లేరు. మన భాషలో చెప్పాలంటే నాలుగు సర్వర్లలో ఒక్కటే పోయింది. అయినా సిస్టం మళ్ళీ లేవలేదు. నాలుగు ట్రంపెట్లూ ఒకేలా వినపడతాయి కానీ, ఆ నాలుగింటికీ ఊపిరి ఎక్కడ తీసుకోవాలో చెప్పే మనిషి ఒక్కడే. దానికి బ్యాకప్ ఉండదు.

మరి ఏం మిగిలింది? అమెరికాలో స్కూలు బ్యాండ్లు, మార్చింగ్ బ్యాండ్లు ఆ పాటల్ని నేర్చుకుని వాయించాయి. చేజ్‌లో చేసిన డెన్నిస్ కీత్ జాన్సన్, గ్యారీ స్మిత్ తర్వాత 'సర్వైవర్' బ్యాండు తొలి సభ్యులయ్యారు. ఆ బ్యాండు పెట్టినవాళ్ళలో ఒకడైన జిమ్ పీటరిక్ 'ప్యూర్ మ్యూజిక్'లో పాడినవాడే. మన జిమ్ముల్లో మోగే 'ఐ ఆఫ్ ద టైగర్' సర్వైవర్‌దే.

దసరాకి ఊరెళ్ళినప్పుడు కాకకి ఫోన్లో 'ఓపెన్ అప్ వైడ్' వినిపించాను. కళ్ళు మూసుకుని విన్నాడు. అయ్యాక, "ఇంకోసారి పెట్టు" అన్నాడు.

రెండోసారి అయ్యాక, "నలుగురున్నరు గదరా. ఒకడు ఇడిచిన కాడ ఇంకొకడు అందుకుంటుండు. పైన ఊదేటోడు మొండోడు. గంత పైకి పోతే పెదవులు పగుల్తయ్" అన్నాడు. నేను ఇంటర్నెట్లో చదివితే గానీ తెలియని సంగతి ఆయనకి చెవితోనే తెలిసిపోయింది.

ఆ మొండోడు చనిపోయాడని చెప్పాను. ఎట్ల అని అడిగాడు. అది కౌంటీ ఫెయిర్. మన మాటలో ఏమనాలో తోచక, "జాతర లాంటిదానికి వాయించడానికి పోతుంటే కాకా, విమానం కూలింది" అన్నాను.

"జాతరకు పోతుంటేనా" అని చాలాసేపు మాట్లాడలేదు. ఆయనా ఎన్నో రాత్రులు జీపులో డ్రమ్ముల మధ్య ముడుచుకుని జాతరలకి పోయినవాడే.

మా బాబాయి కూతురి పెళ్ళి మాఘంలో ఉంది. నువ్వే ఊదాలి, మిగతా వాళ్ళని నేను పిలిపిస్తాను అన్నాను. ఈసారి పది నిమిషాల్లో తేల్చేయకూడదని ముందే అనుకుని వెళ్ళాను.

కాక నవ్వాడు. ముందు పళ్ళు రెండు లేవు. "పండ్లు పోయినంక పెదవికి ఆనిక ఉండదురా. గాలి పక్కకు పోతది."

లోపలికి వెళ్ళి సజ్జ మీద నుంచి ట్రంపెట్ దించి నా చేతికిచ్చాడు. మూడు మీటల్లో రెండు బిగుసుకుపోయి ఉన్నాయి. ఆయన చెబుతుంటే ఒక్కోటి విప్పి, తుడిచి, నూనె వేశాను. గంట పట్టింది. ఊదలేదు, నాకు రాదు. మూడూ కదులుతున్నాయో లేదో వేళ్ళతో నొక్కి చూసి, కాక ట్రంపెట్‌ని మళ్ళీ సజ్జ మీద పెట్టలేదు. గోడకున్న మేకుకి తగిలించాడు.