సంతకం పడేదాకా ఎగరదు

మా సబ్బవరం పిల్లలు తలెత్తకుండానే చెప్పేస్తారు, పైన పోయేది పాసింజర్ విమానమో నేవీదో. చేతక్ హెలికాప్టర్ చప్పుడు వేరు, రెండు ప్రొపెల్లర్ల డోర్నియర్ మోత వేరు. 2013లో వచ్చిన హాక్ జెట్ల సంగతైతే చెప్పక్కర్లేదు, వంటింట్లో స్టీలు గిన్నెలు కూడా పలుకుతాయి. విశాఖ విమానాశ్రయం అందరిదీ అనుకుంటాం గానీ రన్‌వే నేవీది. 1991 అక్టోబరు 21న కమిషన్ అయిన ఐ.ఎన్.ఎస్. డేగా అది. హైదరాబాదు పెళ్లికి పోయే మన విమానమైనా సరే, నేవీ టవర్ ఊ అంటేనే కదులుతుంది.

నేను ఆ నేవీలో ఎయిర్ టెక్నికల్ సెయిలర్‌ని. విమానం బాగుచేసేవాణ్ణి, నడిపేవాణ్ణి కాను. ఈ తేడా మా ఊళ్ళో ఎవరికీ పట్టలేదు. "మావోడు ఇమానాలు తోల్తాడు" అని మా అమ్మ చుట్టాలందరికీ చెప్పుకునేది. సరిదిద్దీ సరిదిద్దీ వదిలేశాను. ఒకసారి మాత్రం కూర్చోబెట్టి, నేను సంతకం పెట్టందే పైలట్ విమానం ఎక్కడని వివరించాను. ఆవిడ కాసేపు నన్ను ఎగాదిగా చూసి, "అదేట్రా, అంతంత ఆపీసర్లు నీ సంతకం కోసం ఆగిపోతారేటి?" అంది. ఆగిపోతారు. నేను చెప్పదలచుకున్నది కూడా అదే.

ప్రతి విమానానికీ ఒక పుస్తకం ఉంటుంది. మేం 'సెవెన్ హండ్రెడ్' అనేవాళ్ళం. నూనె ఎంత పోశాం, ఏ భాగం విప్పాం, ఎవరు బిగించారు, బిగించింది ఎవరు సరిచూశారు, అన్నీ అందులో ఎక్కాలి. బిగించినవాడే సరిచూసుకుంటే చెల్లదు, రెండో మనిషి కావాలి. చివర్లో పైలట్ అంతా చదివి తనూ సంతకం పెడతాడు. ఆ క్షణం నుంచి విమానం ఆయనది. దిగివచ్చాక మళ్లీ మాది. ఎవరి చేతిలో ఉన్నప్పుడు ఏం జరిగిందో తేల్చడానికే ఈ రాతంతా అనుకునేవాణ్ణి, కొత్తలో. రాయాల్సి వస్తుందని తెలిసినవాడు చెయ్యి జాగ్రత్తగా పెడతాడని తర్వాత అర్థమైంది.

పొద్దున్నే మొదటి పని ఫాడ్ వాక్. అందరం వరసగా నిలబడి, చూపు నేల మీద పెట్టి, విమానాలు నిలిచే చోటంతా నడవాలి. గులకరాయి, వాషర్, తెగిన తీగ ముక్క, పెన్ను మూత, ఏది దొరికినా సంచిలో వేయాలి. జెట్ ఇంజన్ గాలిని మింగేటప్పుడు రాయేదో గాలేదో చూసుకోదు. ఆఫీసర్లు కూడా మాతోపాటే వంగి ఏరేవారు. విశాఖలో దీనికి తోడు పక్షుల బెడద. ఒక పక్క మేఘాద్రి గెడ్డ రిజర్వాయరు, ఇంకో పక్క సముద్రం, చుట్టూ ఊరు, ఊరి కోళ్ల దుకాణాల వ్యర్థాలు. గద్దలకి ఇంతకంటే ఏం కావాలి? వాటిని తోలడానికి టపాకాయలు పేల్చడం కూడా ఫ్లయింగ్ ప్రోగ్రాంలో భాగమే. చెత్త చెత్తకుండీలో వేయమని చెప్పడం విమాన భద్రత కిందకే వస్తుందని జనానికి చెబితే నవ్వుతారు.

ఉప్పుగాలి ఇంకో శత్రువు. సముద్రం మీద తక్కువ ఎత్తులో ఎగిరి వచ్చిన చేతక్‌కి మంచినీళ్లతో ఇంజన్ కడగాలి. ఒంటిగంటకి దిగినా సరే, అన్నం తర్వాతే. వాయిదా వేస్తే కంటికి కనబడేది ఏమీ ఉండదు, కంప్రెసర్ బ్లేడ్ల మీద తుప్పు మాత్రం తన పని తాను చేసుకుపోతుంది. చేతక్‌కి ఉన్నది ఒకటే ఇంజన్.

పనిముట్ల పెట్టె సంగతి. ప్రతి స్పానర్‌కీ పెట్టెలో దాని ఆకారంలోనే గుంట ఉంటుంది, ఖాళీ గుంట ఇట్టే కనిపిస్తుంది. నేను పనిచేసిన ఒక స్టేషన్‌లో, ఎక్కడో చెప్పను, సాయంత్రం లెక్కలో చిన్న స్క్రూడ్రైవర్ ఒకటి తగ్గింది. ఆ రోజు ముట్టుకున్న విమానాలన్నీ ఆపేశారు. రాత్రి ఫ్లయింగ్ రద్దు. ప్యానెళ్లు విప్పాం, కాక్‌పిట్ నేల ఎత్తాం, టార్చి పట్టుకుని సీట్ల కింద పాకాం. తెల్లారబోతుండగా ట్రాలీ మీద మడత పెట్టిన ఇంజన్ కవరు దులిపితే కింద పడింది. పదిరూపాయల వస్తువు కోసం ఇంత రభస ఏమిటని బయటివాళ్ళకి అనిపిస్తుంది. ఆ పదిరూపాయల వస్తువు కంట్రోల్ రాడ్ పక్కన ఇరుక్కుంటే, గాల్లో ఉన్నవాడికి స్టిక్ ఎటు తిప్పినా తిరగదు.

పైలట్ల తంతు పక్కగదిలో. పొద్దున బ్రీఫింగ్‌లో వాతావరణం, రన్‌వే, పక్షులు అయ్యాక ఆ రోజు ఎమర్జెన్సీ ప్రశ్న ఉంటుంది. ఎవరో ఒకరిని లేపి అడుగుతారు: "సముద్రం మీద రెండొందల అడుగుల ఎత్తులో ఉన్నావు, ఇంజన్ ఆగింది. చెప్పు." పుస్తకంలో ఉన్న వరసలోనే, తడుముకోకుండా చెప్పాలి. తడబడితే ఆ రోజు ఎగరడు, కిందే కూర్చుంటాడు. డాక్టరు బీపీ చూస్తాడు, నిద్రపోయావా అని అడుగుతాడు. కొన్ని రోజులు ఎగరకపోతే పాత లైసెన్సు చూపించి సీట్లో కూర్చోవడం కుదరదు, ఇంకొకరి పక్కన కూర్చుని చెక్ ఇచ్చాకే. ఎంత సీనియరైనా అంతే. హెలికాప్టర్ సిబ్బంది కొచ్చి వెళ్లి, నీళ్లలో మునిగి తలకిందులయ్యే డమ్మీ క్యాబిన్‌లోంచి బయటపడడం నేర్చుకోవాలి. దాన్ని డంకర్ అంటారు. అందులోంచి వచ్చినవాళ్ళు మాత్రం ఆ రోజు మెస్‌లో పెద్దగా మాట్లాడేవారు కాదు.

ఈ పద్ధతులన్నీ ఎవరో చల్లగా కూర్చుని రాసినవి కావు. కొచ్చిలో మాకు పాఠాలు చెప్పిన ఇన్‌స్ట్రక్టర్ బోర్డు మీద రెండు అంకెలు వేసి ఆపేశారు: 776, 535. 1954లో, యుద్ధం లేని ఏడాదిలో, అమెరికా నౌకాదళం పోగొట్టుకున్న విమానాలు, మనుషులు. ఒక్కో స్క్వాడ్రన్‌ది ఒక్కో పద్ధతి, ఒక్కో గురువుది ఒక్కో వాటం. 1961లో అందరికీ ఒకే విధానం, ఒకే పుస్తకం అని నాటాప్స్ తెచ్చారు. పైలట్లు మొదట సణిగారట, మా చేతుల్లో కళ ఉంది, దాన్ని పుస్తకంలో బంధిస్తారా అని. మన దగ్గరా ఆ సణుగుడు విన్నాను. 2002 అక్టోబరు 1న గోవాలో, మన నేవీ స్క్వాడ్రన్ ఒకదాని రజతోత్సవ సందర్భంలో, రెండు ఐఎల్-38 విమానాలు గాల్లోనే ఢీకొన్నాయి. నేవీవాళ్ళు 12 మంది, కింద ఉన్న ముగ్గురు పౌరులు పోయారు. తర్వాత చాన్నాళ్లు సణుగుడు వినబడలేదు.

పుస్తకం ఉంటే సరిపోదు. పుస్తకం చూపించి ఆపే ధైర్యం చిన్నవాడికి ఉండాలి. ఒక ప్రదర్శనకి ముందు రోజు, పెద్దవాళ్ళు చూడ్డానికి వస్తారని అందరూ హడావిడిగా ఉన్నారు. చేతక్‌తో సముద్రంలోంచి మనిషిని పైకి లాగి చూపించాలి. పైలట్ పట్టీలు బిగించుకుని కూర్చున్నాడు. కొత్తగా చేరిన శ్రీకాకుళం కుర్రాడు ఒకడు హాయిస్ట్ దగ్గర నిలబడి కదలడం లేదు. కేబుల్‌ని వేళ్ల మధ్య పెట్టి మళ్లీ మళ్లీ తడుముతున్నాడు. "ఏట్రా?" అన్నాను. నాతో చెప్పకుండా నేరుగా పైలట్ దగ్గరికి వెళ్ళి హిందీలో చెప్పాడు, కేబుల్‌లో ఒక పోగు తెగినట్టుందని.

"ఖాయమా?"

"ఖాయం కాదు సాబ్. అనుమానం."

"సరే, దిగుతున్నా" అని పైలట్ పట్టీలు విప్పేశాడు. ఇంకో మాట లేదు.

కేబుల్ మొత్తం బయటికి లాగి, అద్దం పెట్టి చూశాం. తెగిన పోగు లేదు. గ్రీజుకి అంటుకున్న కాటన్ వేస్ట్ దారం అది. కుర్రాడి మొహం మాడిపోయింది. మర్నాడు బ్రీఫింగ్‌లో ఆ పైలట్ లేచి, నిన్న ఫ్లయింగ్ ఆపినవాడు సరిగ్గా చేశాడు, మళ్ళీ అనుమానం వచ్చినా ఇలాగే ఆపాలి అని అందరి ముందూ చెప్పి కూర్చున్నాడు. అనుమానం నిజమై ఉంటే మెచ్చుకోవడం ఎవరికైనా తేలికే. తప్పయినప్పుడు మెచ్చుకున్నాడు చూశారా, అది నేను మర్చిపోలేను.

2014 అక్టోబరు 12, ఆదివారం, హుద్‌హుద్ తుఫాను. విశాఖవాళ్ళకి వేరే చెప్పాలా! ఎగరగలిగిన విమానాలని ముందే వేరే స్టేషన్లకి పంపేశారు, మిగిలినవాటిని కట్టేశాం. మర్నాడు రన్‌వే మీదికి వెళితే ఎక్కడ మొదలుపెట్టాలో తెలీలేదు. రేకులు, గాజు పెంకులు, చెట్ల కొమ్మలు, టెర్మినల్ కప్పు నుంచి లేచిపోయిన ముక్కలు. పేరుకి మామూలు ఫాడ్ వాకే, కానీ మూడు కిలోమీటర్లకి పైగా రన్‌వే. కరెంటు లేదు, ఇంటి నుంచి కబురు లేదు, ఫోన్లు పలకవు. సబ్బవరంలో మా ఇంటి పైకప్పు ఉందో లేదో నాకు తెలీదు. అయినా వరస కట్టి, పక్కవాడికీ మనకీ మధ్య ఖాళీ వదలకుండా, ప్రతిరోజూ నడిచినట్టే నడిచాం. పెద్దవి ఎత్తేశాక కొందరు ఇక చాలన్నారు. చాలదు, గాజు పెంకు టైరులో దిగితే చాలు. మళ్లీ చివరి నుంచి మొదలెట్టాం. 14న ప్రధాని విశాఖ వచ్చారు. 17న ప్రయాణికుల విమానాలు మొదలయ్యాయి. పేపర్లలో నేవీ ధైర్యం గురించి రాశారు. ధైర్యం సరే, నేను చూసింది మాత్రం వంగి ఏరడమే.

2016 నాటికి రిటైరై ఊరొచ్చేశాను. జూలై 22న తాంబరం నుంచి పోర్ట్‌బ్లెయిర్ బయల్దేరిన వాయుసేన ఏఎన్-32 బంగాళాఖాతం మీద కనిపించకుండా పోయింది. 29 మంది. అందులో 8 మంది మన ఎన్.ఏ.డి. (నేవీ ఆయుధాల డిపో) ఉద్యోగులు, విశాఖవాళ్ళు. ఆ రోజుల్లో ఎన్.ఏ.డి. జంక్షన్ టీ కొట్లలో ఇంకో మాట లేదు. నేవీలో పనిచేశానని తెలిసి ఒకాయన నన్ను పట్టుకుని, "అన్నా, నీళ్లలోంచి సిగ్నల్ రాదా?" అని అడిగాడు. ఏడాది ముందే వచ్చింది. 2015 జూన్‌లో కోస్ట్‌గార్డ్ డోర్నియర్ తమిళనాడు తీరంలో పడిపోతే, దాని బీకన్ నీటి అడుగు నుంచి చేసిన శబ్దాన్ని సింధుధ్వజ్ జలాంతర్గామి పట్టింది. జూలైలో 950 మీటర్ల లోతు నుంచి రికార్డర్ తీశారు. ఏఎన్-32లో నీటి అడుగున పలికే బీకన్ లేదు. ఆయనకి ఏం చెప్పాలో తెలీక టీ డబ్బులు నేనిచ్చేశాను. 2024 జనవరిలో, ఏడున్నరేళ్లకి, చెన్నై తీరానికి 310 కిలోమీటర్ల దూరంలో, 3,400 మీటర్ల లోతున శకలాలు కనబడ్డాయి. ఆ ఎనిమిది మంది చేయాల్సిందల్లా సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకోవడం. మిగతాదంతా వేరేవాళ్ళ సంతకాల మీద ఆధారపడి ఉంటుంది.

ఇప్పుడు మా వీధి కుర్రాళ్లు నేవీకి కాదు, పరవాడకీ అచ్యుతాపురానికీ ఫార్మా కంపెనీ బస్సులెక్కుతున్నారు. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లో ఒక్క పేలుడుకి 17 మంది పోయారు. ఆ కుర్రాళ్లని అప్పుడప్పుడు అడుగుతుంటాను: వాల్వ్ దగ్గర వాసన తేడాగా ఉంటే ఏం చేస్తావు? "సూపర్‌వైజర్‌కి చెబుతాం అంకుల్." ఆయన కానివ్వమంటే? నవ్వి ఊరుకుంటారు. పాత ఫ్యాక్టరీల చట్టంలో 1987లోనే 41-హెచ్ అని ఒక సెక్షన్ చేర్చారు. ప్రమాదకరమైన పనుల్లో ముప్పు ఉందని కార్మికుడికి గట్టి అనుమానం వస్తే యాజమాన్యానికి చెప్పొచ్చని. చెప్పే హక్కు ఇచ్చారు, ఆపే హక్కు ఇవ్వలేదు. మీ పిల్లాణ్ణి అలాంటి చోట చేర్పించేటప్పుడు జీతం, క్యాంటీను, బస్సు ఎలాగూ అడుగుతారు. అనుమానం వచ్చినప్పుడు లైన్ ఆపే అధికారం వాడికి రాతలో ఇస్తారా అని కూడా అడగండి.