మ్యాపులో లేని చప్టా

నా ఉద్యోగం ఏమిటని చుట్టాలు అడిగితే "కంప్యూటర్లో మ్యాపులు గీస్తాను" అని చెప్పి ఊరుకుంటాను. వెంటనే ఇంకో ప్రశ్న వస్తుంది: "అన్నీ ఫోన్లోనే ఉన్నాయి కదా, ఇంకా గీయడానికేముంది?" కూనవరం, వీఆర్ పురం, చింతూరు వైపు వానాకాలంలో ఒక్కసారి తిరిగినవాళ్లు ఆ మాట అడగరు.

శబరి గోదావరిలో కలిసేది కూనవరం దగ్గర. గోదావరి నిండుగా ఉంటే శబరి నీళ్లకు పోయే దారి ఉండదు, వెనక్కి ఎగతంతాయి. అందుకే చింతూరులో చుక్క వాన పడకపోయినా రోడ్డు మునుగుతుంది. భద్రాచలం దగ్గర 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. వరద రోజుల్లో టీవీలో ఆ అంకెలే తిరుగుతుంటాయి. 2022 జులైలో మట్టం 71.3 అడుగులకు చేరింది. 1986 ఆగస్టు నాటి 75.6 అడుగుల తర్వాత నేను లెక్కల్లో చూసిన పెద్ద వరద అదే. అయితే మండలంలో పనిచేసే మనిషికి కావలసిన సంగతి వేరు. భద్రాచలంలో ఇంత ఉంటే మన దగ్గర వాగులు దాటే ఏ చప్టా మీదికి నీళ్లొస్తాయి, ఏ గుంపుకు, అంటే ఏ చిన్న గూడేనికి, దారి తెగుతుంది, ఆ గుంపులో నెలలు నిండిన ఆడమనిషి ఎవరైనా ఉన్నారా? నేను చేసే పనంతా ఈ ప్రశ్న చుట్టూ తిరిగేదే.

ఈ పనిలో తొలి తలనొప్పి నీళ్లతో కాదు, జిల్లాలతో. జనాభా లెక్కలంటే ఇప్పటికీ మాకు 2011వే. అందులో కూనవరం ఖమ్మం జిల్లాలో ఉంటుంది. 2014లో రాష్ట్ర విభజనతో తూర్పు గోదావరికి వచ్చింది. 2022 ఏప్రిల్‌లో అల్లూరి సీతారామరాజు జిల్లాకు మారింది. కుక్కునూరు, వేలేరుపాడు మండలాలు ఖమ్మం నుంచి పశ్చిమ గోదావరికి, అక్కడి నుంచి ఏలూరుకు వెళ్లాయి. ఊరు కదల్లేదు, దాని కోడు మాత్రం ఫైలుకొకటి అయింది. ఆరోగ్య కేంద్రాల జాబితా ఒక కోడుతో, రేషన్ కార్డుల లెక్క ఇంకో కోడుతో, ఊళ్ల హద్దులు మరో కోడుతో ఉంటే మూడింటినీ కలిపే పని కంప్యూటర్ చేయదు, మనిషే చేయాలి. దానికితోడు గేజి ఉన్న భద్రాచలం తెలంగాణలో, మునిగే ఊళ్లు ఆంధ్రలో. రెండు ప్రభుత్వాల ఫైళ్లు ఒకదాన్నొకటి ఎరగవు.

ఒక శాఖవాళ్లు గూడేల జాబితా ఇవ్వడానికి చాలాకాలం తిప్పి, చివరికి పీడీఎఫ్ పంపారు. తెరిస్తే చక్కటి తెలుగు అక్షరాలే. కాపీ చేసి ఎక్సెల్లో వేస్తే మాత్రం డాలర్ గుర్తులు, శ్లాష్‌లు, అడ్డగీతలు. యూనికోడ్ రాకముందు నాటి ఫాంటులో టైపు చేసిన జాబితా అది. మళ్లీ మొదటి పేరు నుంచీ చేత్తో కొట్టుకోవాల్సి వచ్చింది. డేటా లేదని ఎవరూ అనరు. ఉంది, తాళం వేసి ఉంది. ఓపెన్ డేటా గురించి నాతో ఎవరు మాట్లాడినా ముందుగా చెప్పేది ఇదే: ముందు రహస్యాల సంగతి వదిలేయండి, రహస్యం కానివాటినైనా మిషన్ చదవగలిగేలా ఇవ్వండి.

కొంత మారింది, కాదనను. 2021 ఫిబ్రవరి 15న కేంద్రం మార్గదర్శకాలు మార్చాక, మన దేశపు సంస్థలు మ్యాపులు తయారు చేసుకోవడానికి ముందస్తు అనుమతుల కోసం తిరగాల్సిన పని తగ్గింది. 1767లో పుట్టిన సర్వే ఆఫ్ ఇండియా టోపో షీట్లు 2017 నుంచి నెట్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి. కానీ ఆ షీట్లలో గుంపులకు పేర్లుండవు, ఉన్నా ఎప్పటివో. అందుకే మేం ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ మీద పనిచేస్తాం. 2004లో ఇంగ్లండ్‌లో మొదలైన ఈ మ్యాపును ఎవరైనా దిద్దవచ్చు, ఎవరైనా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. సిగ్నల్ లేని చోట ఫోన్లో పనిచేసేలా ముందే ఎక్కించుకోవచ్చు. ఏజెన్సీలో వరదంటే మొదట పోయేది కరెంటు, దాని వెనకే టవరు. నెట్ ఉంటేనే తెరుచుకునే మ్యాపు ఆ రాత్రికి అక్కరకు రాదు.

ఉపగ్రహ చిత్రం చూసి ఇళ్ల కప్పులు, బాటలు గీయడం కష్టం కాదు. కాలేజీ పిల్లలు ఎక్కడో హాస్టల్లో కూర్చుని గీసేస్తారు. పైనుంచి కనబడనివి రెండే: పేరు, చప్టా ఎత్తు. వాటికోసం ఊళ్లోకి వెళ్లాలి. గీసిన మ్యాపును ఫ్లెక్సీ మీద ప్రింట్ తీయించి తీసుకెళ్తాం. కాగితమైతే రెండు చేతులు మారేసరికి చిరుగుతుంది, ఫ్లెక్సీ వానకు తడిసినా తుడుచుకోవచ్చు. బడి వరండాలో పరిచి నాలుగు మూలలా రాళ్లు పెట్టి మార్కర్లు ఇస్తాం.

"అక్కా, మీ గుంపు ఇదేనా?" అని అడిగాను ఒక ఆశా కార్యకర్తను.

ఆమె వేలితో వాగు వెంబడి వెళ్లింది. "గుంపు ఇదే సార్. ఈ దారి మాత్రం తప్పు. ఇది ట్రాక్టర్ దారి, చేలల్లోకి పోద్ది. మనుషులు పోయేది ఇటు."

"చప్టా ఎక్కడ?"

"చప్టాలు రెండు. కింద చప్టా ముందు మునుగుద్ది. పై చప్టా మునిగిందంటే ఇక పడవే." ఆమె రెండు అడ్డగీతలు గీసి, మార్కర్ పక్కనున్న పడవ నడిపే పెద్దాయన చేతికిచ్చింది. "మామా, కరెంటు తీగలు ఏడ తగుల్తయో చూపియ్."

పడవ వెళ్లే దారిలో తీగలు ఎక్కడ కిందికి వేలాడతాయో గుర్తు పెట్టాలన్న ఆలోచన నాకెప్పుడూ రాలేదు. వరద ఎక్కేకొద్దీ పడవ ఎత్తు పెరుగుతుంది, తీగ దగ్గరవుతుంది. అప్పటి నుంచి మా ఫారంలో దానికొక గడి ఉంది.

ఉపగ్రహ రాడార్ గురించి పేపర్లలో గొప్పగా రాస్తుంటారు. గొప్పదే, ఉచితం కూడా. యూరప్ వాళ్ల సెంటినల్-1 మబ్బుల్లోంచి, చీకట్లోంచి కూడా చూస్తుంది. నిలకడగా ఉన్న నీరు దాని కిరణాల్ని అవతలికి తోసేస్తుంది కాబట్టి బొమ్మలో నల్లగా కనిపిస్తుంది. కానీ జులైలో దమ్ము చేసిన వరి మడి కూడా అంతే నల్లగా ఉంటుంది. ఏది వరద, ఏది నాట్లకు పెట్టిన నీరు అన్నది బొమ్మ చెప్పదు. పైగా సెంటినల్-1 జంట ఉపగ్రహాల్లో ఒకటి 2021 డిసెంబరులో పాడైంది. 2022 వరదకు మిగిలింది ఒక్కటే, అదే దారిలో మళ్లీ రావాలంటే 12 రోజులు. గోదావరి అన్నాళ్లు ఆగదు. కాబట్టి నా దృష్టిలో ఉపగ్రహం వరద తగ్గాక నష్టం లెక్కకట్టడానికి మంచిది. వరద వచ్చే రోజు పనికొచ్చేది ఆ రెండు చప్టాల సమాచారమే.

ఎత్తుల సంగతి ఇంకా చిక్కు. ప్రపంచమంతటికీ ఉచితంగా దొరికే ఎత్తుల డేటా 2000 ఫిబ్రవరిలో అమెరికా స్పేస్ షటిల్ తీసింది. తర్వాత యూరప్ వాళ్లదీ వచ్చింది. రెండింటికీ చెట్టు తలకూ నేలకూ తేడా సరిగ్గా తెలియదు. ఈ ప్రాంతంలో జామాయిల్ తోటలు ఎక్కువ. తోట పక్కనున్న పల్లం డేటాలో మెరకగా కనిపిస్తుంది. ఇక్కడ అది ఉత్త సాంకేతిక లోపం కాదు. ఈ ఊళ్లను ముంచే పోలవరం ప్రాజెక్టు నిండు నీటిమట్టం 45.72 మీటర్లు, అంటే 150 అడుగులు. మొదటి దశకు పెట్టుకున్నది 41.15 మీటర్లు, 135 అడుగులు. ఎవరికి ఎప్పుడు పరిహారం అన్నది ఇల్లు ఏ కాంటూరులో ఉందన్నదానిమీదే ఆధారపడుతుంది. బడి మెట్టెక్కనివాళ్లు కూడా "మాది 41 కాంటూరా, 45 కాంటూరా సారూ?" అని అడుగుతారు. ల్యాప్‌టాప్ తెరిచి చూపమంటారు. నేను చూపను. ఆ రెండు గీతల మధ్య తేడా 4.57 మీటర్లు. చెట్లున్న చోట నా ఉచిత డేటా తప్పు కూడా అంత ఉండొచ్చు. దాన్ని నమ్ముకుని ఒక కుటుంబం ఇల్లు కట్టుకోవడమో, కట్టుకోకపోవడమో జరగకూడదు.

బదులుగా నీటి గుర్తులు సేకరిస్తాం. 2022 వరద గోడ మీద ఎంతవరకు వచ్చిందో ఊరంతా చెబుతుంది. సున్నం వేసినా కిందనుంచి చార కనిపిస్తూనే ఉంటుంది. నేల నుంచి చారదాకా టేపుతో కొలిచి, ఫొటో తీసి, ఏ రోజు ఏ పూట వచ్చిందో రాసి, అందరికీ కనిపించేలా పెడతాం. అధికారులు ఆ గుర్తులతో ఏకీభవించకపోవచ్చు. కానీ ఏ గోడ, ఎంత ఎత్తు అన్నదానిపై ఇప్పుడు వాళ్లూ ఊరివాళ్లూ ఒకే కాగితం చూసి వాదించుకుంటారు.

అన్నీ అందరికీ తెరిచిపెట్టాలా అంటే నేను ఒప్పుకోను. ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చి అడవి లోపల గుడిసెలు వేసుకున్న గుత్తికోయల నివాసాలు కొన్ని మా పనిలో కనబడ్డాయి. వాళ్లకూ టీకాలు కావాలి, వరదొస్తే పడవ కావాలి. కానీ వాళ్ల గుడిసెలు బహిరంగ మ్యాపులో పెడితే ముందు వెళ్లేది పడవ కాకపోవచ్చు. ఖాళీ చేయించడానికి వచ్చే జీపు కావచ్చు. అందుకని ఆ చుక్కలు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో పెట్టలేదు. ఆరోగ్య కేంద్రంలో ఏఎన్ఎం దగ్గర కాగితం మీద ఉన్నాయి.

మా పనిలోనే ఉన్న స్నేహితులు కొందరు దీనిమీద నాతో గట్టిగానే వాదిస్తారు. ఆ ఏఎన్ఎంకు బదిలీ అయితే ఏం చేస్తావని, ఆరోగ్య కేంద్రమే మునిగితే కాగితం ఎవరు తీస్తారని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నలే. ఇంకో కాపీ ఎవరి దగ్గర ఉంచాలన్నది మా ఆఫీసులో ఇంకా తేలలేదు. ఆ గుడిసెల పెద్దలనే అడిగి నిర్ణయిద్దామని మాత్రం అనుకున్నాం.